విశాఖ విమానాశ్రయంలో గుర్తింపు కార్డు, సెక్యూరిటీ చెక్: అత్తగారితో, ఆవకాయతో బయల్దేరేవారికి

మీరు అడిగినది ఇదీ. గాజువాక నుంచి ఐదుగురు బెంగళూరు వెళ్తున్నారు: మీరు, మీవారు, పదహారేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, రెండు మోకాళ్లూ మార్పిడి చేయించుకున్న మీ అత్తగారు. ఆవిడకు ఇదే మొదటి విమానం. టికెట్ మీద ఆవిడ పేరు ‘సత్యవతి మజ్జి’ అని ఉంది, ఆధార్‌లో ‘ఎం. సత్యవతి’ అని ఉంది. బాబు ఆధార్ కార్డు ఇంట్లో ఎక్కడ పెట్టారో దొరకడం లేదు. ఆవకాయ, మాడుగుల హల్వా, అనకాపల్లి బెల్లం, పవర్ బ్యాంకు పట్టుకెళ్లాలి. డిజియాత్ర (కార్డు బదులు ముఖం చూసి గేటు తెరిచే యాప్) పెట్టుకోవాలా, ఎంత ముందుగా రావాలి అని కూడా అడిగారు.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతాదంతా సులువవుతుంది. విమానాశ్రయంలో మిమ్మల్ని చూసేవాళ్లు నాలుగు చోట్ల ఉంటారు, నలుగురి అధికారం ఒకటి కాదు. బయటి గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) జవాను చూసేది ‘ఈ టికెట్ ఈ మనిషిదేనా’ అన్నది. చెకిన్ కౌంటర్లో విమాన సంస్థ వాళ్లు మీ సీటు, లగేజీ చూస్తారు. సెక్యూరిటీ చెక్‌లో మళ్లీ సీఐఎస్ఎఫ్, అక్కడ ప్రశ్న ‘ఈ మనిషి దగ్గర ఏముంది’ అని. చివర విమానం ఎక్కే గేటు దగ్గర మళ్లీ విమాన సంస్థ. టికెట్ మీద పేరు తప్పైతే దిద్దగలిగేది విమాన సంస్థే, జవాను చేతిలో అది లేదు. సంచిలో వస్తువు లోపలికి రావచ్చా లేదా అన్నది తేల్చేది జవానే, విమాన సంస్థ మాట అక్కడ చెల్లదు. జనం ఇబ్బంది పడేది ఎక్కువగా ఒకరి దగ్గర తేలాల్సిన పనిని ఇంకొకరి దగ్గర వాదిస్తూ నిలబడి, ఈలోగా సరిదిద్దుకునే టైము పోగొట్టుకున్నప్పుడే.

ఈ నియమాలు పెట్టేది బీసీఏఎస్, అంటే పౌర విమానయాన భద్రతా బ్యూరో. 1978లో డీజీసీఏలో (పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్) ఒక విభాగంగా మొదలై, 1985లో ఎయిరిండియా కనిష్క విమాన పేలుడు తర్వాత 1987 ఏప్రిల్ 1న విడి శాఖ అయింది. 1999 డిసెంబరు కాందహార్ హైజాక్ తర్వాత, 2000లో జైపూర్‌తో మొదలుపెట్టి, విమానాశ్రయాల కాపలా సీఐఎస్ఎఫ్ చేతికి వచ్చింది. కాబట్టి విశాఖలో ఒక రూలు, బెంగళూరులో ఇంకో రూలు అని కాగితం మీద ఉండదు. తేడా వచ్చేది యంత్రాల్లోనూ, ఆ రోజు ఉన్న అప్రమత్తత స్థాయిలోనూ. రేపు విమానాలు భోగాపురంలోని కొత్త విమానాశ్రయం నుంచి ఎగిరినా ఇక్కడ చెప్పిన పద్ధతి అదే.

గుర్తింపు కార్డు సంగతి. దేశంలో తిరిగే విమానాలకు బీసీఏఎస్ ఒప్పుకునేవి పది రకాలు: పాస్‌పోర్టు, ఓటరు కార్డు, ఆధార్ లేదా ఎం-ఆధార్, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పనిచేసే సంస్థ ఇచ్చిన ఫొటో కార్డు, ప్రభుత్వ విద్యాసంస్థ ఇచ్చిన విద్యార్థి ఫొటో కార్డు, జాతీయ బ్యాంకు ఇచ్చిన ఫొటో పాస్‌బుక్కు, ఫొటో ఉన్న పెన్షన్ కార్డు, దివ్యాంగుల ఫొటో కార్డు. వీటిలో ఏదో ఒకటి, అసలుది ఉండాలి. జిరాక్సు చెల్లదు. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఆధార్ ఫొటో కూడా జిరాక్సు లాంటిదే, చెల్లదు. ఫోన్లో చూపించాలంటే ఎం-ఆధార్ యాప్‌లోదో, డిజిలాకర్‌లో ప్రభుత్వ శాఖ జారీ చేసినదో చూపించాలి. డిజిలాకర్‌లో మీరే స్కాన్ చేసి పెట్టుకున్న కాగితం వేరు, శాఖ జారీ చేసిన పత్రం వేరు. మొదటిది పనికిరాదు.

జాబితాలో లేనివాటి గురించి కూడా చెప్పాలి, మన దగ్గర వీటిని నమ్ముకుని వచ్చేవాళ్లు ఉంటారు కాబట్టి. బియ్యం కార్డు ఇందులో లేదు. ఆరోగ్యశ్రీ కార్డు లేదు. కార్డు పోయిందని పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు కాపీ లేదు. స్టీల్ ప్లాంటులోనో, షిప్‌యార్డులోనో పర్మినెంటు ఉద్యోగికి సంస్థ ఇచ్చిన ఫొటో కార్డు నడుస్తుంది గానీ, కాంట్రాక్టు పని కోసం ఇచ్చిన గేటు పాసును నమ్ముకుని బయల్దేరకండి. ఈ పదిలో ఏదీ లేని మనిషికి ఒక దారి ఉంది: కేంద్ర లేదా రాష్ట్ర ప్రభుత్వంలో గ్రూప్-ఎ గెజిటెడ్ అధికారి తన లెటర్‌హెడ్ మీద, ఫొటో అంటించి, ఆ ఫొటో మీద సంతకం పడేలా ధ్రువీకరించి ఇచ్చిన పత్రం. అది ప్రయాణం రోజు ఉదయం పుట్టే కాగితం కాదు, కనీసం వారం ముందు చూసుకోవాలి.

మీ అత్తగారి పేరు విషయానికి వస్తే, ‘ఎం. సత్యవతి’, ‘సత్యవతి మజ్జి’ అన్నవి మన ఊళ్లలో ప్రతి ఇంట్లోనూ ఉండే తేడాయే. ఇంటిపేరు ఒక చోట పొడి అక్షరంగా, ఇంకో చోట పూర్తిగా, ఒక చోట ముందు, ఇంకో చోట వెనక. గేటు దగ్గర జవాను అసలు పేరు కలిసిందా, ఫొటోలో ఉన్న ముఖం ఎదురుగా ఉన్న ముఖం ఒకటేనా, తేదీ, విమానం ఇవాళ్టివేనా అని చూస్తాడు. పొడి అక్షరం ఆ ఇంటిపేరుకే సరిపోతుంటే సాధారణంగా వదిలేస్తారు. ‘సాధారణంగా’ అన్నదాని మీద ఒక పెద్దావిడ మొదటి ప్రయాణాన్ని ఆనించకూడదు. ఆవిడ ఓటరు కార్డు తీసి చూడండి, చాలామందికి అందులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. అది టికెట్‌తో కలిస్తే దాన్నే చూపించండి, ఆధార్ సంచిలో రెండో కార్డుగా ఉంటుంది. అందులోనూ కలవకపోతే విమాన సంస్థకు ఫోన్ చేసి టికెట్ మీద పేరును కార్డులో ఉన్నట్టు దిద్దించండి. సంస్థ వెబ్‌సైట్‌లో నేరుగా కొన్న టికెట్‌కు, కొన్న 24 గంటల లోపు తప్పు చెబితే అదే మనిషి పేరు దిద్దడానికి డబ్బు తీసుకోకూడదని డీజీసీఏ నియమం. ఏజెంటు దగ్గర కొంటే ఏజెంటు ద్వారానే దిద్దించాలి, ఆయన ఫోన్ ఎత్తని ఆదివారం నాడు ఇది పెద్ద చిక్కే.

నిజంగా ఆగిపోయే తేడాలు వేరే ఉన్నాయి. పెళ్లికి ముందు ఇంటిపేరు ఆధార్‌లో, అత్తింటి పేరు టికెట్‌లో. ఇంట్లో పిలిచే పేరుతో టికెట్ కొనడం. అన్నదమ్ముల టికెట్లలో పేర్లు తారుమారు కావడం. అర్ధరాత్రి 12 దాటాక ఉన్న విమానానికి ఒక రోజు తేడాగా రావడం, ఇది పేరు తప్పు కాకపోయినా గేటు దగ్గరే బయటపడుతుంది. వీటిలో ఏదైనా జరిగితే జవానుతో మాట్లాడి లాభం లేదు, ఆయన రాసి ఉన్నదాన్ని మార్చలేడు. విమాన సంస్థ మనిషిని గేటు దగ్గరికి పిలిపించండి, లేదా అక్కడే నిలబడి కస్టమర్ కేర్‌తో దిద్దించి కొత్త టికెట్ ఫోన్లోకి తెప్పించుకోండి.

బాబు సంగతి తేలిక. తల్లిదండ్రులతో కలిసి వెళ్లే మైనరుకు, పెద్దవాళ్ల కార్డు సరిగా ఉంటే, విడిగా కార్డు అవసరం లేదు. పాపకూ అంతే. అదే పదహారేళ్ల పిల్లాడు ఒంటరిగా వెళ్తుంటే మాత్రం పైన చెప్పిన పదిలో ఒకటి ఉండాలి, అక్కడ ప్రైవేటు స్కూలు ఐడీ కార్డును నమ్ముకోవద్దు, జాబితాలో ప్రభుత్వ సంస్థ కార్డు అనే ఉంది. ఏమైనా తిరుగు ప్రయాణంలో బాబు వెనకో ముందో ఒక్కడే రావాల్సి రావచ్చు. మీ నంబరుకు ఓటీపీ వస్తుంటే ఇంట్లోనే ఎం-ఆధార్‌లో వాడి ప్రొఫైల్ చేర్చి పెట్టండి. ఇది గేటు దగ్గర చేసే పని కాదు. ఓటీపీ వెళ్లేది ఆధార్‌కు కట్టిన నంబరుకు, ఆ సిమ్ము ఏ డ్రాయరులో ఉందో అప్పుడు గుర్తు రాదు. రెండేళ్ల లోపు పసిబిడ్డ ఉంటే విమాన సంస్థ వయసు రుజువు అడుగుతుంది, జనన ధ్రువపత్రం ఉంచుకోవాలి. మీ పాపకు ఆ అవసరం దాటింది.

కార్డును కౌంటర్ దగ్గర అప్పగించే పెట్టెలో మాత్రం పెట్టకండి. సెక్యూరిటీ దగ్గర, విమానం ఎక్కే గేటు దగ్గర మళ్లీ అడగవచ్చు. పెట్టె బెల్టు మీద వెళ్లిపోయాక దాన్ని వెనక్కి తెప్పించడం అరగంట పని.

డిజియాత్ర. 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారాణసిలతో మొదలైంది. విశాఖకు 2024 సెప్టెంబరు 6న వచ్చింది, విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు ఇక్కడా, ఇక్కడి నుంచే మరో ఎనిమిది విమానాశ్రయాల్లోనూ దాన్ని ప్రారంభించారు. ఫోన్లో యాప్ పెట్టుకుని, డిజిలాకర్ ద్వారా ఆధార్ జత చేసి, సెల్ఫీ తీసి, వెబ్ చెకిన్ అయ్యాక బోర్డింగ్ పాస్‌ను అందులోకి ఎక్కించి విమానాశ్రయానికి పంపాలి. గేటు దగ్గర బార్‌కోడ్ చూపి కెమెరా వైపు చూస్తే తలుపు తెరుచుకుంటుంది. వివరాలు మీ ఫోన్లోనే ఉంటాయి, విమానాశ్రయానికి పంపినవి విమానం వెళ్లాక 24 గంటల్లో తుడిచేస్తామన్నది వాళ్ల నియమం. ఇది స్వచ్ఛందం, ఎవరూ బలవంతపెట్టకూడదు. అంతర్జాతీయ ప్రయాణానికి పనికిరాదు.

మీ ఇంటికి నా సలహా: మీవారు, మీరు పెట్టుకోండి, అత్తగారికి వద్దు. యాప్ ఆధార్ పేరును బోర్డింగ్ పాస్ పేరుతో పోలుస్తుంది. మనిషైతే ‘ఎం’ అంటే మజ్జి అని అర్థం చేసుకుంటాడు, యంత్రం చేసుకోదు. పైగా ఆవిడతో, పాపతో ఒకరు మామూలు వరుసలో ఉండక తప్పదు, ఐదుగురు రెండు దారుల్లో చీలిపోవడం మొదటిసారి వచ్చినావిడకు కంగారు. డిజియాత్ర పెట్టుకున్నా అసలు కార్డు జేబులో ఉండాలి. సెక్యూరిటీలో తడిమి చూడడం అన్నది దీంతో తప్పిపోదు, అది తగ్గించేది కార్డు చూపే నిలుపును మాత్రమే.

ఇప్పుడు సంచుల సంగతి, మీ ప్రశ్నలో బరువైనది ఇదే.

ఎక్స్‌రే తెర మీద వస్తువు రంగు దాని పదార్థాన్ని బట్టి వస్తుంది. తిండి, బట్ట, కాగితం, ప్లాస్టిక్, నూనె లాంటి సేంద్రియ పదార్థాలు నారింజ రంగు. గాజు, ఉప్పు, అల్యూమినియం లాంటివి ఆకుపచ్చ. ఇనుము, రాగి నీలం. కిరణాలు దాటలేనంత దట్టంగా ఉన్నది నల్లగా కనబడుతుంది. పేలుడు పదార్థాల్లో ఎక్కువ భాగం సేంద్రియమే, అవీ నారింజలోనే కనబడతాయి. మాడుగుల హల్వా అంటే నెయ్యి, గోధుమ పాలు, పంచదార కలిసి గట్టిపడిన ముద్ద, అనకాపల్లి బెల్లం అచ్చు దట్టమైన చెరకు ముద్ద. తెర మీద రెండూ దట్టమైన నారింజ దిమ్మలు. ఆ దిమ్మ పక్కనే ఛార్జరు తీగ, పవర్ బ్యాంకు ఉంటే ఆ బొమ్మ చూసే మనిషికి ఏమనిపిస్తుందో ఊహించండి. అతను బెల్టు ఆపి సంచి తెరిపించడం తన పని సరిగా చేయడమే. అందుకని తిండి పెట్టెలు ఒక సంచిలో, తీగలు, బ్యాటరీలు ఇంకో సంచిలో. హల్వా డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పక్కపక్కన పరచండి, సంచిలో అన్నిటికన్నా పైన ఉంచండి, తెరవమంటే జిప్పు తీయగానే కనబడాలి. దుకాణం సీలు ఉన్న డబ్బా ఇంట్లో పొట్లం కట్టినదానికన్నా త్వరగా వదులుతారు. బెల్లం దిమ్మను కౌంటర్లో అప్పగించే పెట్టెలో పెట్టేస్తే ఇంకా హాయి.

ఆవకాయ చేతి సంచిలో వద్దు, అసలు ఆలోచించకండి. మిరప పచ్చళ్లు, కారప్పొడి చేతి సంచిలో ఒప్పుకోరు, కారం కళ్లలో కొట్టడానికి పనికొచ్చే వస్తువు గనక. పైన తేలే నూనె ఇంకో అభ్యంతరం. అప్పగించే పెట్టెలో పెట్టండి, కట్టే విధానం మాత్రం శ్రద్ధగా చూడాలి. విమానం పైకి వెళ్లాక క్యాబిన్‌లోనూ, కింద సామాను అరలోనూ గాలి ఒత్తిడి సుమారు 8,000 అడుగుల ఎత్తులో ఉండేంతకు దిగుతుంది, అంటే సముద్ర మట్టంలో ఉన్నదానిలో నాలుగింట మూడు వంతులు. విశాఖలో మూత బిగించిన డబ్బాలో ఉన్న గాలి అక్కడ మూడో వంతు ఎక్కువ చోటు అడుగుతుంది, అది నూనెను మూత సందులోంచి తోసేస్తుంది. డబ్బాలో గాలి ఎంత తక్కువైతే కారడం అంత తక్కువ. జాడీ, గాజు సీసా రెండూ వద్దు. మందపాటి ప్లాస్టిక్ డబ్బా తీసుకుని అంచుకు కొద్దిగా కిందవరకు నింపి, పచ్చడి మీద ప్లాస్టిక్ పొర ఆనేలా వేసి, మూత బిగించి, చుట్టూ టేపు తిప్పి, రెండు పాలిథిన్ సంచుల్లో విడివిడిగా ముడివేసి, చుట్టూ పాత తువ్వాలు చుట్టండి. ఒక పెద్ద డబ్బా కన్నా అరకిలోవి నాలుగు మేలు.

నెయ్యి, నూనె కూడా అదే పెట్టెలోకి. ఏటికొప్పాక లక్క బొమ్మలు, అరకు కాఫీ పొడి, సింహాచలం ప్రసాదం చేతి సంచిలోనే పట్టుకెళ్లవచ్చు.

పూజ సామాన్లలో రెండు చాలామందికి తెలియవు. హారతి కర్పూరం మండే ఘన పదార్థం, చేతి సంచిలోనూ పెట్టెలోనూ రెండింట్లోనూ కూడదు. ఎండు కొబ్బరి, కురిడీలు కూడా రెండింట్లోనూ కూడదు, వాటిలోని నూనె తనంతట తాను వేడెక్కి అంటుకునే గుణం ఉన్నది కాబట్టి ప్రమాదకర సరకుల జాబితాలో ఉంది. అయ్యప్ప దీక్షలో శబరిమల వెళ్లేవారికి ఇరుముడిలో కొబ్బరికాయను క్యాబిన్‌లోకి తీసుకెళ్లే సడలింపు ఇచ్చారు, 2024 సీజనులో అది 2025 జనవరి 20 వరకు ఉంది, అదీ ఎక్స్‌రే, పేలుడు జాడల పరీక్ష, చేతి తనిఖీ మూడూ అయ్యాకే. అది ఆ సీజనుకు ఇచ్చే ప్రత్యేక అనుమతి. ప్రతి ఏడూ కొత్త ఉత్తర్వు వచ్చిందా అని చూసుకోవాలి, పోయినేడు పంపారు కదా అన్నది జవాబు కాదు. అగ్గిపెట్టె, లైటరు మన దేశంలో ఎందులోనూ వద్దు. ఈ-సిగరెట్లు అసలు 2019 నుంచి నిషేధమే.

పవర్ బ్యాంకు దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది: చేతి సంచిలోనే ఉండాలి, పెట్టెలో పెట్టనే కూడదు. లిథియం బ్యాటరీ లోపల షార్టై మంట లేస్తే క్యాబిన్‌లో సిబ్బంది ఆర్పగలరు, సామాను అరలో ఎవరికీ తెలియదు. 100 వాట్ అవర్ల వరకు అనుమతి అక్కర్లేదు. 100 నుంచి 160 వరకు విమాన సంస్థ అనుమతి కావాలి, రెండుకు మించకూడదు. 160 దాటితే లేదు. మీ దాని మీద మిల్లీ ఆంపియర్ అవర్ల అంకె ఉంటుంది, దాన్ని 3.7తో గుణించి 1,000తో భాగించండి. 20,000 ఉంటే 74 వాట్ అవర్లు, ఇబ్బంది లేదు. 30,000 ఉంటే 111, అనుమతి కావాలి. అంకె చెరిగిపోయిన పాత పవర్ బ్యాంకును ఆపేస్తారు, ఎంతో తెలియనిదాన్ని ఒప్పుకునే వీలు లేదు. విమానంలో దాన్ని పై అరలో పెట్టకుండా మీ దగ్గరే ఉంచుకోండి, దాంతో ఫోన్ ఛార్జి చేయకండి.

పవర్ బ్యాంకును మరిచిపోయి పెట్టెలో పెట్టేస్తే ఏమవుతుందంటే, ఎక్స్‌రేలో అది కనబడుతుంది, పెట్టె పక్కకు తీస్తారు, మీ ఎదుటే తెరవాలి కాబట్టి మీ పేరు పిలుస్తారు, ఫోన్ చేస్తారు. అప్పటికి మీరు ఫోన్ సైలెంటులో పెట్టి సెక్యూరిటీ వరుసలో ఉంటే పెట్టె విశాఖలోనే ఉండిపోవచ్చు. సామాను అప్పగించాక ఓ పది నిమిషాలు ఆ చుట్టుపక్కలే ఉండండి. టికెట్‌లో ఇచ్చిన నంబరు ఏజెంటుది కాకుండా మీ చేతిలో ఉన్న ఫోన్‌ది కావాలి.

ద్రవాల మీద చాలా గందరగోళం ఉంది. ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లు, అన్నీ కలిపి ఒక లీటరు పట్టే పారదర్శక సంచిలో అన్న నియమం అంతర్జాతీయ విమానాలకు గట్టిగా అమలు చేస్తారు. దేశీయ విమానంలో మంచినీళ్ల సీసా మామూలుగా వదిలేస్తారు, ఒక్కోసారి ఒక గుక్క తాగి చూపమంటారు. విశాఖ నుంచి హైదరాబాద్‌కో ఢిల్లీకో వెళ్లి అక్కడ విదేశీ విమానం ఎక్కేవాళ్లు జాగ్రత్త. ఇక్కడ వదిలేసిన సీసా అక్కడి అంతర్జాతీయ తనిఖీలో చెత్తబుట్టలో పడుతుంది, ఎందుకంటే నియమం ఎక్కే విమానాన్ని బట్టి. పసిబిడ్డ పాలు, ఇన్సులిన్, చీటీ ఉన్న మందులకు ప్రయాణానికి కావలసినంత వరకు మినహాయింపు ఉంది. మందుల చీటీ మీద పేరు టికెట్ మీద పేరే ఉండాలి.

ఇక అత్తగారి తనిఖీ. ఆవిడకు ముందుగానే నిదానంగా చెప్పండి, భయం సగం తగ్గుతుంది. మోకాలి లోపలి లోహానికి ద్వారంలా ఉండే డిటెక్టరు మోగడం దాదాపు ఖాయం. మోగడం తప్పు చేసినట్టు కాదు. ఆడవాళ్లను ఆడ సిబ్బందే, తెర కట్టిన గదిలో చూస్తారు. చేతి డిటెక్టరు మోకాలి దగ్గర మళ్లీ కూస్తుంది. ఆ గదిలోకి అడుగు పెట్టగానే, కూయకముందే, ‘రెండు మోకాళ్లూ ఆపరేషనమ్మా, లోపల స్టీలు ఉంది’ అని ఆవిడే చెప్పాలి. సిబ్బంది ఉత్తరాది అమ్మాయి అయితే తెలుగు రాకపోవచ్చు, ‘దోనో ఘుట్నోం కా ఆపరేషన్’ అన్న నాలుగు ముక్కలు నేర్పండి, లేదా మీరు వెనకే ఉండి చెప్పండి. ఆమె మోకాళ్లను చేత్తో తడిమి, కుట్టు గుర్తు చూపమని అడిగినా అడగవచ్చు. డాక్టరు చీటీ మాటకు బలం ఇస్తుంది గానీ తనిఖీని తప్పించదు, చీటీ చూపించాం కదా అని వాదించకండి. నల్లపూసలు, గాజులు, మంగళసూత్రం తీయమని అడగరు, ఉంచుకునే చూపించవచ్చు. పిన్నీసులు ఎక్కువ పెట్టుకోవద్దని మాత్రం చెప్పండి, చీరకు ఆరేడు పిన్నులుంటే ప్రతిదానికీ కూత వస్తుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారైతే ముందే చెప్పి చేతి తనిఖీ అడగాలి, చేతి డిటెక్టరును ఆ యంత్రం మీద ఆనించి ఉంచకూడదు.

ఆవిడకు చక్రాల కుర్చీ అడగండి, నడవగలిగినా సరే. వరుసలో ఇరవై నిమిషాలు నిలబడడం మోకాళ్లకు మంచిది కాదు. ప్రయాణానికి 48 గంటల ముందు విమాన సంస్థకు చెప్పాలి, కౌంటర్ దగ్గర అప్పటికప్పుడు అడిగితే ఖాళీ అయినదాకా ఆగాలి. చేతికర్ర ఉంటే అది ఎక్స్‌రేలోకి వెళ్తుంది, కర్ర దాటేవరకు ఒకరు చేయి పట్టుకోవాలి.

తనిఖీ దగ్గర ఆడవాళ్ల వరుస, మగవాళ్ల వరుస వేరు. కుటుంబం రెండుగా విడిపోతుంది, డబ్బు, ఫోన్లు, పాప ఎవరి దగ్గరన్నది ముందే అనుకోండి. ల్యాప్‌టాప్, ఫోన్లు, పర్సు, బెల్టు విడి ట్రేలో. మీ వంతు రావడానికి ఇద్దరు ముగ్గురు ఉన్నప్పుడే ట్రే బెల్టు మీదకు తోయండి. ముందే తోసేస్తే మీరు వరుసలో ఉండగా మీ పర్సు అవతల ఎవరూ లేకుండా పడి ఉంటుంది. బెల్టు ఆగినప్పుడల్లా మీ సంచి గురించే అనుకోనక్కర్లేదు. తెర చూసేవాళ్ల ఏకాగ్రతను పరీక్షించడానికి కొన్ని యంత్రాలు అప్పుడప్పుడు ఆయుధం బొమ్మను వాటంతటవే చూపిస్తాయి, అది తేల్చుకునేదాకా బెల్టు ఆగుతుంది. సంచి మీద చిన్న గుడ్డ పట్టీ రాసి యంత్రంలో పెడితే అది పేలుడు పదార్థాల జాడల పరీక్ష. ఎరువులు, గ్లిజరిన్ ఉన్న చేతి క్రీములు దాన్ని మోగించగలవు. పొలం పనికి వాడిన సంచిని ప్రయాణానికి తేవద్దు అనేది అందుకే.

వస్తువు ఆపేస్తే మీకు మూడు దారులు: చెకిన్ మూయకపోతే వెనక్కి వెళ్లి పెట్టెలో వేయించడం, బయట దింపడానికి వచ్చినవాళ్లు ఇంకా ఉంటే వాళ్లకు అప్పగించడం, వదిలేయడం. మొదటి రెండూ టైము ఉన్నవాళ్లకే. అందుకే దింపడానికి వచ్చినవాళ్లను మీరు సెక్యూరిటీ దాటి ఫోన్ చేసేవరకు వెళ్లవద్దని చెప్పండి. మాట మీద తేడా వస్తే గొంతు పెంచకుండా షిఫ్టు ఇన్‌ఛార్జిని పిలవమని అడగండి. వరుసలో ఉండగా బాంబు అన్న మాట ఏ రూపంలోనూ నోట రాకూడదు, బాబుకు ఇది ప్రత్యేకంగా చెప్పండి. అది కేసు అవుతుంది, విమానం పోతుంది.

టైము. దేశీయ విమానాలకు కౌంటర్ సాధారణంగా 60 నిమిషాల ముందు, ఎక్కే గేటు 25 నిమిషాల ముందు మూస్తారు, మీ టికెట్ మీద ఉన్న అంకెనే నమ్మండి. ఉదయం 9 గంటల విమానమైతే 8కి కౌంటర్ మూత. అప్పగించే పెట్టెలు, చక్రాల కుర్చీ, పేరు తేడా మూడూ ఉన్న మీరు 6:30కి గేటు దగ్గర ఉండాలి. గాజువాక నుంచి దూరం తక్కువే, మధురవాడ వైపు నుంచి వచ్చేవాళ్లు మాత్రం ఎన్ఏడీ కూడలి ట్రాఫిక్‌కు విడిగా టైము కలుపుకోవాలి. జనవరి 26, ఆగస్టు 15 ముందు రోజుల్లో అప్రమత్తత పెరుగుతుంది. విమానం మెట్ల దగ్గర విమాన సంస్థ సిబ్బంది మరోసారి సంచులు, ఒళ్లు చూస్తారు, సందర్శకుల టికెట్లు ఆపేస్తారు. ఆ రోజుల్లో ఇంకో అరగంట.

విశాఖ రన్‌వే నౌకాదళానిది, ఐఎన్ఎస్ డేగా అన్న స్థావరంలో పౌర విమానాలకు చోటిచ్చారు. మెట్లెక్కుతూ, కిటికీలోంచి ఫొటోలు, వీడియోలు తీయడం కూడదు. అత్తగారి మొదటి ప్రయాణం ఫొటో తీయాలని మీ అందరికీ ఉంటుంది. టెర్మినల్ బయట, దింపిన చోటే, లోపలికి అడుగుపెట్టకముందు తీసుకోండి.